పాఠకుల ప్రశ్నలు: ద్వారం మీద ఒక మాట, మండువాలో ఒక మాట

ఈసారి వచ్చిన ఉత్తరాలలో బెర్లిన్‌లోని జర్మన్ పార్లమెంటు భవనానికి సంబంధించినవి అనుకోకుండా అయిదు పోగయ్యాయి. అందుచేత మిగిలిన విషయాలను పక్కన పెట్టి, ఈ నెల శీర్షికను వాటికే కేటాయించాను. అక్కడ చదువుకుంటున్న ఒక విద్యార్థిని రాసిన ఉత్తరం పెద్దది. దానిని కొంత కుదించి ముందుగా ఇస్తున్నాను.

ప్రశ్న: నేను బెర్లిన్‌లో ఎం.ఎస్. మొదటి సంవత్సరం చదువుతున్నాను. జనవరిలో ఒకరోజు మా జర్మన్ భాష టీచరు తరగతి మొత్తాన్ని రైష్‌టాగ్ భవనం చూపించడానికి తీసుకువెళ్లారు. ఉదయం తొమ్మిది గంటలకే పడమటి వైపు తనిఖీ గదుల ముందు నిలబడ్డాం. మాలో ఒకబ్బాయి పాస్‌పోర్టు ఇంట్లో పెట్టి, ఫోనులో దాని ఫోటో మాత్రం తెచ్చాడు. అతన్ని లోపలికి రానివ్వలేదు. మేము బయటికి వచ్చేదాకా పాపం ఆ చలిలో ఎదురుగా ఉన్న మైదానం చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. లోపల గైడు మమ్మల్ని ఒక నడవా గుండా నడిపించారు. పాలిపోయిన పసుపు రంగు రాతిగోడ మీద, మనిషి చెయ్యి అందేంత ఎత్తులో, బొగ్గుతోనూ నీలిరంగు సుద్దతోనూ గీసిన రష్యన్ అక్షరాలు వరుసలు వరుసలుగా ఉన్నాయి. ఒకచోట బొగ్గు ముక్క విరిగినట్టుంది, పేరు సగంలో సన్నబడి మళ్లీ లావుగా మొదలైంది. తరువాత సందర్శకుల గ్యాలరీలో కూర్చోబెట్టి సభ పనితీరు వివరించారు. కింద నీలిరంగు కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నాయి, వాటి వెనుక గోడకు పెద్ద గద్ద ఉంది. ఆ తరువాత లిఫ్టులో పైకప్పు మీదకు వెళ్లి గాజు గుమ్మటం ఎక్కాం. దిగివచ్చాక మా టీచరు పైకప్పు అంచు నుంచి ఒక లోపలి ఆవరణను చూపించి, అక్కడ మట్టిలో నిలబెట్టిన పెద్ద తెల్ల అక్షరాలను చదివించారు. ముందు ద్వారం మీద ‘డెమ్ డాయిచెన్ ఫోల్కె’ అని ఉంది, ఇక్కడ ‘డెర్ బెఫోల్కెరుంగ్’ అని ఉంది. ‘మీరంతా రెండోదాని కిందికి వస్తారు’ అని ఆయన నవ్వారు. నేను కూడా నవ్వాను కానీ, సాయంత్రం గదికి వచ్చాక ఆ మాట కొంచెం గుచ్చుకుంది. నా ప్రశ్నలు రెండు. ఓడించిన సైనికులు గోడల మీద రాసిన రాతలను ఓడిన దేశం తన పార్లమెంటులో ఎందుకు ఉంచుకుంది? ఆ రెండు మాటలకూ తేడా ఏమిటి?
– ఒక విద్యార్థిని, బెర్లిన్

జవాబు: మీ రెండో ప్రశ్నకు చివరలో వస్తాను, దానికి చోటు ఎక్కువ కావాలి.

మీరు చూసిన రాతలు 1945 మే నెలనాటివి. బెర్లిన్‌ను పట్టుకున్న సోవియట్ సైనికులు ఈ భవనంలోకి వచ్చి, కాలిన దూలాల బొగ్గుతోనూ దొరికిన రంగు సుద్దలతోనూ తమ పేర్లు, ఊళ్లు, తేదీలు, నడిచివచ్చిన దారులు గోడల మీద రాసుకున్నారు. అందులో గొప్ప నినాదాలు తక్కువ. ఎక్కువ భాగం ‘ఫలానావాణ్ణి, ఇక్కడికి వచ్చాను’ అనే తరహా రాతలే. నాలుగేళ్లు చావు పక్కన నడిచినవాడు తాను బతికి ఉన్నట్టు రాసుకున్న రసీదు అది అని నాకనిపిస్తుంది.

ఇవి మిగలడం వెనుక ఎవరి దూరదృష్టీ లేదు. 1960లలో పౌల్ బౌమ్‌గార్టెన్ అనే వాస్తుశిల్పి భవనాన్ని బాగుచేసినప్పుడు, లోపలి గోడలను ఆనాటి అభిరుచి ప్రకారం నున్నటి పలకలతో కప్పేశారు. రాతలు ఆ పలకల వెనుక ముప్పై ఏళ్లు భద్రంగా ఉండిపోయాయి. 1990లలో బ్రిటిష్ వాస్తుశిల్పి నార్మన్ ఫోస్టర్ చేతికి పని వచ్చి ఆ పలకలు తీయించినప్పుడు అవి బయటపడ్డాయి. వాటిని కడిగేయకుండా ఉంచాలని ఫోస్టర్ పట్టుబట్టారు, పార్లమెంటు అంగీకరించింది. బూతులు, జాతిని కించపరిచే రాతలు మాత్రం రష్యన్ రాయబార కార్యాలయంతో సంప్రదించి తొలగించారు. కాబట్టి మీరు చూసినది జల్లెడ పట్టిన చరిత్ర, ఆ సంగతి గైడులు కూడా దాచరు. ఇన్ని రాతలు అక్కరలేదు, కొన్ని తగ్గించవచ్చు అన్న సభ్యులు తరువాత కూడా లేకపోలేదు. అయినా రాతలు అలాగే ఉన్నాయి. ఆ సైనికులలో ఒకాయన దశాబ్దాల తరువాత సందర్శకుడిగా వచ్చి గోడ మీద తన సంతకం తానే చూసుకున్నాడు.

ఓడిన దేశం ఎందుకు ఉంచుకుంది అని అడిగారు. చాలామంది దీనిని పశ్చాత్తాపం అనేస్తారు, నేను అంత తొందరపడను. ఆ నడవాలు సభ్యులు రోజూ సభలోకి నడిచే దారులు. ఈ రాతలను అద్దాల పెట్టెలో పెట్టి మ్యూజియానికి పంపి ఉంటే, చూడదలచినవారు టిక్కెట్టు కొనుక్కుని చూసేవారు, చూడదలచనివారు తప్పుకునేవారు. నడకదారిలో ఉంచడం వల్ల ఆ తప్పుకునే వీలు పోయింది. అక్కడ చెక్కిన ఫలకాల కంటే ఈ బొగ్గుగీతలకే ఎక్కువ బలం ఉందని నా అభిప్రాయం, ఎందుకంటే వీటిని ఏ కమిటీ రాయించలేదు.

ప్రశ్న: రైష్‌టాగ్, బుండెస్టాగ్ రెండూ ఒకటేనా? హిట్లర్ ఉపన్యాసాలు ఇచ్చిన పార్లమెంటు ఇదేనా? అలాంటి భవనాన్ని మళ్లీ వాడుకోవడం సబబా?
– ఒక చరిత్ర అధ్యాపకుడు

జవాబు: రైష్‌టాగ్ అనేది ఇప్పుడు భవనం పేరు, బుండెస్టాగ్ అందులో సమావేశమయ్యే సభ పేరు. పాత సామ్రాజ్యపు సభను రైష్‌టాగ్ అనేవారు కనుక, సభ పోయినా పేరు రాళ్లకు అంటుకుని ఉండిపోయింది.

రెండో ప్రశ్నలో ఉన్నది చాలామందికి ఉండే భ్రమ. పౌల్ వాలోట్ రూపకల్పనలో ఈ భవనం 1894లో పూర్తయింది. 1918 నవంబరు 9న ఫిలిప్ షైడెమాన్ దీని కిటికీలో నిలబడే గణతంత్రాన్ని ప్రకటించాడు. హిట్లర్ ఛాన్సలర్ అయిన నెల తిరగకుండానే, 1933 ఫిబ్రవరి 27 రాత్రి, సభామందిరం కాలిపోయింది. మరునాడే వచ్చిన ఆర్డినెన్సు పౌరహక్కులను రద్దు చేసింది. మార్చి 23న శాసనాధికారాన్ని ప్రభుత్వానికి అప్పగించిన చట్టాన్ని ఆమోదించినది ఎదురుగా ఉన్న క్రోల్ నాటకశాలలో. సోషల్ డెమొక్రాట్ సభ్యులు 94 మంది దానికి వ్యతిరేకంగా ఓటు వేశారు, కమ్యూనిస్టు సభ్యులను అసలు రానివ్వలేదు. ఆ తరువాత కూడా ఆ కీలుబొమ్మ సభ నాటకశాలలోనే సమావేశమయ్యేది. నాటకానికి నాటకశాలే తగినది అనుకోవాలి. నిప్పు పెట్టినందుకు డచ్చి యువకుడు మారినుస్ వాన్ డెర్ లుబ్బెకు 1934 జనవరిలో మరణశిక్ష అమలు చేశారు. ఆ తీర్పును రద్దు చేయడానికి 2007 డిసెంబరు దాకా పట్టింది.

అంటే నాజీల పాలన గట్టిపడినది ఈ సభామందిరం కాలిపోయిన తరువాతే. అయినా 1945లో సోవియట్ సైన్యం బెర్లిన్ విజయానికి గుర్తుగా ఎంచుకున్నది ఈ పాడుబడ్డ కట్టడాన్నే. పైకప్పు మీద ఎర్రజెండా ఎగరేస్తున్న ఆ ప్రసిద్ధ ఛాయాచిత్రం పోరాటం ముగిశాక, మే 2న, ప్రత్యేకంగా తీసినది. మళ్లీ వాడుకోవడం సబబా అంటే, జర్మన్లు కూడా దీని మీద తేలికగా ఒక మాటకు రాలేదు. పార్లమెంటునూ ప్రభుత్వాన్నీ పశ్చిమ జర్మనీ రాజధానిగా ఉన్న బాన్ నుంచి బెర్లిన్‌కు మార్చాలన్న తీర్మానమే 1991 జూన్ 20న 338–320 ఓట్లతో, అంటే పద్దెనిమిది ఓట్ల తేడాతో, గట్టెక్కింది. బాగుచేసిన భవనంలో తొలి సమావేశం 1999 ఏప్రిల్ 19న జరిగింది.

వెళ్లినవారు గుమ్మటం తొందరలో సాధారణంగా దాటిపోయేది ఒకటి ఉంది. భవనం ముందు, నైరుతి మూల వైపు, పోత ఇనుప పలకలు వరుసగా నిలువునా నాటి ఉంటాయి. దూరం నుంచి సైకిళ్లు నిలిపే చట్రంలా కనిపిస్తాయి. దగ్గరికి వెళ్లి వంగి అంచు మీద చూస్తే ఒక్కొక్క దాని మీద ఒక పేరు, చనిపోయిన చోటు, తేదీ ఉంటాయి. నాజీల చేతిలో హతులైన రైష్‌టాగ్ సభ్యుల పేర్లవి, 96 పలకలు. చాలా పేర్ల కింద ఊరికి బదులు నిర్బంధ శిబిరం పేరుంటుంది.

ప్రశ్న: మా అబ్బాయి జర్మనీలో చదువుతున్నాడు. వచ్చే నెల నేనూ మా వారూ వెళ్తున్నాం. ఈ భవనం చూడాలంటే టిక్కెట్టు ఎంత? ఏమేం తీసుకువెళ్లాలి?
– ఒక తల్లి

జవాబు: టిక్కెట్టు లేదమ్మా, ప్రవేశం ఉచితం. కానీ ఉచితం కదా అని నేరుగా వెళితే లోపలికి పంపరు. బుండెస్టాగ్ వెబ్‌సైటులో ముందుగా పేరు నమోదు చేయించుకోవాలి. అందరి పేర్లూ పుట్టిన తేదీలూ ఇవ్వాలి. వెళ్లేటప్పుడు అసలు పాస్‌పోర్టు చేతిలో ఉండాలి, ఫోనులో ఫోటో చూపిస్తే ఏమవుతుందో పైన అమ్మాయి ఉత్తరంలో చదివే ఉంటారు. మనవాళ్లకు వచ్చే చిక్కు ఒకటి చెబుతాను. ఇంటిపేరును ఒక్క అక్షరంతో సరిపెట్టే అలవాటు మనది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉండి, నమోదు పత్రంలో ఒక్క అక్షరమే ఉంటే, తలుపు దగ్గర ఉన్నవారికి ఆ ఇద్దరూ ఒకరేనని నచ్చజెప్పుకోవలసి వస్తుంది. పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే, ఏ గడిలో ఉన్నది ఆ గడిలోనే రాయండి.

నమోదు దొరకకపోతే భవనానికి దక్షిణంగా ఉన్న సేవాకేంద్రంలో, ఆ రోజు ఖాళీలుంటే, కనీసం రెండు గంటలు ముందుగా పేరు ఇచ్చి చూడవచ్చు. గుమ్మటం ఉదయం ఎనిమిది నుంచి అర్ధరాత్రి వరకు తెరిచి ఉంటుంది కానీ లోపలికి పంపడం రాత్రి పదికి కాస్త ముందే ఆపేస్తారు. ఏడాదిలో కొన్ని రోజులు శుభ్రం చేయడానికి గుమ్మటం మూస్తారు, ఆ తేదీలు కూడా వెబ్‌సైటులో చూసుకోండి. మెట్లు ఎక్కనక్కరలేదు. లిఫ్టు పైకప్పు దాకా తీసుకువెళుతుంది, అక్కడి నుంచి గుమ్మటంలో వాలుదారే. మోకాళ్ల నొప్పులున్నా మెల్లగా ఎక్కగలరు. వీలైతే పొద్దుగూకడానికి గంట ముందు సమయం తీసుకోండి, ఒకే రాకలో పగటి ఊరూ దీపాల ఊరూ రెండూ చూస్తారు.

ప్రశ్న: ప్రజలు తమ ప్రతినిధుల తలల మీద నడుస్తారు, అంతా పారదర్శకం అని ఆ గాజు గుమ్మటాన్ని తెగ పొగుడుతారు. నాకు అదంతా పర్యాటకుల కోసం అల్లిన మాటలా అనిపించింది. పైనుంచి కుర్చీలు తప్ప ఏమీ కనిపించలేదు. గ్యాలరీలో సమావేశానికి కూర్చున్నప్పుడు కూడా సభ మూడొంతులు ఖాళీ.
– ఒక ఆర్కిటెక్చర్ విద్యార్థి

జవాబు: మీ అనుమానంలో సగం న్యాయం ఉంది. మీ అనుమానానికి బలమిచ్చే సంగతి నేనే ఒకటి అందిస్తాను. ఆ గుమ్మటం ఫోస్టర్‌కు మొదట ఇష్టం లేనిది. 1993 పోటీలో ఆయన ఇచ్చిన నమూనాలో గుమ్మటం లేదు, భవనం మొత్తం మీద స్తంభాలపై నిలిచే ఒక పెద్ద పందిరి ఉంది. పాత గుమ్మటాన్ని, మిగిలిన అస్థిపంజరాన్ని, 1954లో పేల్చివేశారు. దాని స్థానంలో ఏదో ఒక గుమ్మటం ఉండాలని రాజకీయ నాయకులు పట్టుబట్టగా ఆయన ఒప్పుకుని, ఒప్పుకున్నాక దానికి కొత్త అర్థం చెప్పారు. ప్రజలు పైన, ప్రతినిధులు కింద అన్న మాట అప్పుడు బలపడింది.

అయితే ఆర్కిటెక్చర్ చదివేవారు దానిని ఒక మాటగానే చూసి వచ్చేస్తే నష్టపోతారు. 40 మీటర్ల వ్యాసం, 23.5 మీటర్ల ఎత్తు ఉన్న ఆ గాజుబుట్ట ఒక యంత్రం కూడా. మధ్యలో తలకిందులుగా నిలిపిన శంఖువుకు 360 అద్దాలు అమర్చారు. అవి ఆకాశం వెలుగును పది మీటర్ల కింద ఉన్న సభలోకి మళ్లిస్తాయి. ఎండ సూటిగా పడి సభ్యుల కళ్లు మిరుమిట్లు గొలపకుండా ఒక తెర సూర్యుడితో పాటు తిరుగుతుంది. సభలో వేడెక్కిన గాలి ఆ శంఖువు లోపలి గుండా పైకి పోతుంది, పోయే ముందు అందులోని వేడిని యంత్రాలు తిరిగి రాబట్టుకుంటాయి. గుమ్మటం నడినెత్తిన తెరిచి ఉంటుంది. అక్కడ పైకి చూస్తూ నిలబడితే జనవరిలో ముఖం మీద మంచు పలుకులు పడతాయి. అదేదో లోపం కాదు, గాలి బయటికి పోయే దారి అది. రాజకీయ నాయకుల ఉపన్యాసాల వేడితో భవనాన్ని వెచ్చబరుస్తున్నారని అక్కడ చెప్పుకునే హాస్యంలో కొంత భౌతికశాస్త్రం కూడా ఉంది.

కనిపించినదంతా వినిపించదు అన్నది మాత్రం నిజం. గాజు చూపును దాటనిస్తుంది, మాటను దాటనివ్వదు. మాట వినాలంటే సమావేశాలు జరిగే వారంలో గ్యాలరీకి పేరు నమోదు చేసుకోవాలి, ఒక గంట కూర్చోనిస్తారు. మీరు ఆ పని చేశారు కాబట్టి ఖాళీ కుర్చీల సంగతికి వస్తాను. సభలో 630 మంది సభ్యులున్నారు. బిల్లుల మీద అసలు కుస్తీ స్థాయీసంఘాలలో జరుగుతుంది. సభ జరుగుతున్న సమయంలోనే సభ్యులు వేరే సమావేశాలలోనూ ఉంటారు. ఒక విషయం మీద చర్చ జరిగేటప్పుడు ఆ విషయం తెలిసినవారే ఎక్కువగా సభలో కూర్చుంటారు. పేర్లు నమోదయ్యే ఓటింగు వచ్చినప్పుడు మాత్రం కుర్చీలు నిండుతాయి. అప్పుడు రాకపోతే భత్యంలో కోత పడుతుంది కూడా. ఖాళీ కుర్చీలను బట్టి బద్ధకం అనుకోవద్దని గైడులు పాఠం అప్పజెప్పినట్టు చెబుతారు. నేను వారి మాట ముప్పాతిక వంతు నమ్ముతాను.

ఈసారి వెళితే కుర్చీలను వదిలి, వక్త ముందున్న బల్ల దగ్గర కూర్చుని చేత్తో సంక్షిప్తలిపి రాసేవారిని చూడండి. నేను అక్కడ చదువుకునే రోజుల్లో ఒక గంటసేపు వారినే చూస్తూ కూర్చున్నాను. అయిదు నిమిషాలకు ఒకరు లేస్తారు, మరొకరు చప్పుడు లేకుండా వచ్చి ఆ స్థానంలో రాయడం కొనసాగిస్తారు. వారు రాసేది ఉపన్యాసం ఒక్కటే కాదు. ఎవరు చప్పట్లు కొట్టారు, ఏ పార్టీ వైపు నుంచి నవ్వు వినిపించింది, మధ్యలో ఎవరు ఏమని అడ్డుపడ్డారు అన్నది కూడా పేరుతో సహా అధికారిక నివేదికలోకి ఎక్కుతుంది. తల తిప్పి, పెదవి కదిలిన సభ్యుడిని గుర్తుపట్టి మళ్లీ కాగితం మీదకు వంగడం, ఇదంతా ఒక రెప్పపాటులో అయిపోతుంది. పారదర్శకత అన్న మాటకు గాజు కన్నా ఆ పెన్సిలే మంచి ఉదాహరణగా నాకు తోచింది.

ప్రశ్న: సభలో వేలాడే ఆ గద్ద అంత లావుగా ఎందుకుంది?
– ఒక తొమ్మిదో తరగతి విద్యార్థి

జవాబు: జర్మన్లకూ అదే అనిపించింది, అందుకే దానికి ‘బొద్దు కోడిపెట్ట’ అని పేరు పెట్టుకున్నారు. లుడ్‌విగ్ గీస్ అనే శిల్పి 1953లో బాన్ సభ కోసం దీని మూలరూపం చేశాడు. బెర్లిన్‌లో ఉన్నది దాని కన్నా పెద్దది, అల్యూమినియంతో చేసినది, బరువు రెండున్నర టన్నులు. ఫోస్టర్ సన్నటి గద్దను పెడదామనుకున్నారు, సభ్యులు తమ పాత కోడిపెట్టే కావాలన్నారు. గోళ్లు చాచిన పూర్వపు డేగల కన్నా వేటాడే కోరిక లేని ఈ పక్షే ఆ సభకు మేలని నా ఉద్దేశం.

ఇక బెర్లిన్ విద్యార్థిని రెండో ప్రశ్న.

ముందుగా అనువాదం చిక్కు చెప్పాలి. ‘డెమ్ డాయిచెన్ ఫోల్కె’ అంటే ‘జర్మన్ ప్రజలకు’ అని, ‘డెర్ బెఫోల్కెరుంగ్’ అంటే ‘ప్రజలకు’ అని మామూలుగా తెలుగు చేస్తారు. అలా చేస్తే తగవు మాయమైపోతుంది, ఎందుకంటే మన ‘ప్రజలు’ అన్న మాట ఆ రెండింటినీ తనలో కలిపేసుకుంటుంది. ఫోల్క్ అంటే ఒక జాతిగా, ఒక రాజ్యానికి సొంతదారులుగా తమను తాము లెక్కించుకునే జనం. బెఫోల్కెరుంగ్ అంటే ఒకచోట నివసిస్తున్న వారందరూ, జనాభా లెక్కలవాడు తలుపు తట్టినప్పుడు లోపలున్న ప్రతి ఒక్కరూ. ‘జర్మన్ జాతికి’, ‘ఇక్కడ ఉంటున్నవారందరికీ’ అంటే కొంత దగ్గరగా ఉంటుంది.

మొదటి మాటకు ఉన్న కథ చిత్రమైనది. వాలోట్ 1894లోనే ఆ మాటను రాయించాలనుకున్నాడు. రెండవ విల్‌హెల్మ్ చక్రవర్తికి అది రుచించలేదు, చోటు ఇరవై రెండేళ్లు ఖాళీగా ఉండిపోయింది. మొదటి ప్రపంచయుద్ధం మధ్యలో, జనం ఆకలితోనూ శవాల లెక్కలతోనూ విసిగిపోతున్నప్పుడు, వారిని కాస్త మంచి చేసుకోవడానికి 1916 చివరలో అక్షరాలు ఎక్కించారు. పీటర్ బెహ్రెన్స్ రూపొందించిన ఆ అక్షరాల ఎత్తు 60 సెంటీమీటర్లు. నెపోలియన్ యుద్ధాలలో ఫ్రెంచివారి నుంచి పట్టుకున్న రెండు ఫిరంగులను కరిగించి వాటిని పోతపోశారు. పోతపోసినది లోవి అనే యూదు కుటుంబానికి చెందిన కంచు కార్ఖానా. ‘జర్మన్ జాతికి’ అన్న మాటను పోతపోసిన ఆ కుటుంబంలోనివారిని కొన్నేళ్ల తరువాత నాజీలు ఆ జాతిలోకి రారని తేల్చి వేటాడారు, కొందరిని చంపారు. మీ టీచరు మాట గుచ్చుకున్నదని రాశారు. ఆ మాటలోని ముల్లు మీకన్నా ముందు ఎవరెవరికి దిగిందో తెలిస్తే, అది ఎందుకు గుచ్చుకుందో మీకే తెలుస్తుంది.

రెండో మాట హాన్స్ హాకె అనే కళాకారుడిది. ఉత్తరం వైపు మండువాలో, ఆకాశానికి తెరుచుకున్న చోట, సుమారు 21 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు ఉన్న తొట్టి కట్టి, దానిలో ద్వారం మీది అక్షరాల తీరులోనే ఈ మాటను తెల్లటి నియాన్ అక్షరాలతో నిలిపాడు. సభ్యులు తమ తమ నియోజకవర్గాల నుంచి మట్టి తెచ్చి అందులో పోయాలి. ఆ మట్టితో వచ్చిన విత్తనాలు ఏవి మొలిస్తే అవి మొలుస్తాయి, ఎవరూ కలుపు తీయరు, నీళ్లు పోయరు. ఈ పనిని ఒప్పుకోవాలా వద్దా అని 2000 ఏప్రిల్ 5న సభలో గట్టి చర్చే జరిగింది. ద్వారం మీది మాటను ఇది వెక్కిరిస్తోందని కొందరు, మట్టి పోయడం వెనుక రక్తం–నేల అన్న నాజీల పాత నినాదం వాసన వస్తోందని మరికొందరు అభ్యంతరపెట్టారు. చివరికి 260 మంది అనుకూలం, 258 మంది వ్యతిరేకం, 31 మంది తటస్థం. రెండు ఓట్లతో గెలిచిన మాట అది. మట్టి పోయడానికి నిరాకరించిన సభ్యులు కూడా ఉన్నారు.

ఇదంతా కళాకారుల గొడవ అనుకోవద్దు, మీ దైనందిన జీవితానికి దీనితో సంబంధం ఉంది. జర్మన్ రాజ్యాంగం 20వ అధికరణం ప్రకారం రాజ్యాధికారమంతా ‘ఫోల్క్’ నుంచే వస్తుంది. ష్లెస్విగ్–హోల్‌స్టైన్ రాష్ట్రం కొన్ని దేశాల విదేశీయులకు స్థానిక ఎన్నికలలో ఓటు ఇచ్చినప్పుడు, 1990 అక్టోబరు 31న రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టాన్ని కొట్టివేసింది. ఆ అధికరణంలోని ఫోల్క్ అంటే జర్మన్ పౌరులే అన్నది దాని వాదన. తరువాత యూరోపియన్ యూనియన్ దేశాలవారికి స్థానిక ఎన్నికల ఓటు దక్కింది, మీకూ నాకూ దక్కలేదు. 299 నియోజకవర్గాల సరిహద్దులు గీసేటప్పుడు సైతం విదేశీయులను జనాభా లెక్కలోకి తీసుకోరు. మీరు బెర్లిన్‌లో అద్దె కడతారు, పార్ట్‌టైమ్ పని చేస్తారు, బస్సెక్కుతారు, కానీ నియోజకవర్గం కొలిచే త్రాసులో మీ బరువు సున్నా. సభ్యుడు తొట్టిలో పోసే మట్టి మాత్రం మీరు నడిచిన వీధి నుంచి రావచ్చు.

కాబట్టి మీ టీచరు చెప్పినది అక్షరాలా నిజం. అయితే ఆయన చెప్పనిది ఒకటుంది. ఆ రాజ్యాంగంలో ఫోల్క్ అని, జర్మన్లు అని రాసిన చోట్లతో పాటు, ‘ఎవరైనా’ అని రాసిన చోట్లూ ఉన్నాయి. 17వ అధికరణం అలాంటిది. ఎవరైనా, ఒంటరిగా గానీ పదిమందితో కలిసి గానీ, తమ విన్నపాన్ని లేదా ఫిర్యాదును రాతపూర్వకంగా ఆ సభకు పంపుకోవచ్చు. పౌరసత్వం అక్కరలేదు. దానిని చూడడానికి పిటిషన్ల సంఘం ఒకటి రాజ్యాంగంలోనే ఏర్పాటై ఉంది. వీసా కార్యాలయంలో నెలల తరబడి ఎదురుచూసే విద్యార్థులు కాఫీ కప్పుల ముందు కూర్చుని పడే విసుగును ఒక కాగితం మీద పెట్టి సంతకం చేస్తే, అది వెళ్లడానికి ఆ భవనంలో ఒక దారి ఉందన్నమాట. ఫలితం వస్తుందని నేను హామీ ఇవ్వను. జవాబు మాత్రం రావాలి.

ఫోల్క్‌లోకి మారే దారి కూడా ఉంది. 2024 జూన్ చివరి నుంచి పౌరసత్వానికి అడగడానికి ఉండవలసిన కాలాన్ని ఎనిమిదేళ్ల నుంచి అయిదేళ్లకు తగ్గించారు. పాత పౌరసత్వం వదులుకోవాలన్న షరతును జర్మనీ తీసేసింది, కానీ భారతదేశం రెండు పౌరసత్వాలను అనుమతించదు కనుక మీకు ఆ సడలింపు అక్కరకు రాదు. అది ఇప్పుడు ఆలోచించవలసిన సంగతి కాదు, ముందు చదువు కానివ్వండి.

మీరు జనవరిలో వెళ్లారు కనుక అక్షరాలన్నీ స్పష్టంగా చదవగలిగారు. జూన్‌లో ఇంకోసారి వెళ్లి, పైకప్పు ఉత్తరపు అంచున అదే చోట నిలబడి చూడండి. ఎక్కడెక్కడి మట్టితోనో వచ్చిన గడ్డి, తుప్పలు ఏపుగా పెరిగి కొన్ని అక్షరాలను సగం దాకా ముంచేస్తాయి. అప్పుడు ఆ మాట చదవాలంటే చీకటి పడి నియాన్ దీపాలు బాగా కనిపించేదాకా ఆగవలసి వస్తుంది. వేసవిలో అక్కడ చీకటి పడేసరికి దాదాపు పదవుతుంది, కాబట్టి నమోదు చేసుకునేటప్పుడు ఆఖరి ప్రవేశ సమయానికి దగ్గరగా ఉన్నదే ఎంచుకోండి. పాస్‌పోర్టు మరిచిన ఆ అబ్బాయినీ వెంటబెట్టుకు వెళ్లండి.